రోజుకు మూడు సిలిండర్లా? ఊపిరి లెక్క ఒకసారి సరిచూద్దాం

మా ఊరి హైస్కూలు ప్రహరీ గోడ మీద ఒక లెక్క రాసి ఉంది. మనిషి రోజుకు మూడు సిలిండర్ల ఆక్సిజన్ పీలుస్తాడు. సిలిండరు 700 రూపాయలు. అంటే రోజుకు 2,100, ఏడాదికి 7,66,500. సగటు ఆయుష్షు 65 ఏళ్లు వేసుకుంటే దాదాపు 5 కోట్లు. ఇంత విలువైనదాన్ని చెట్టు మనకు ఊరికే ఇస్తోంది, కాబట్టి చెట్లు నాటండి. ఇదే సంగతి మీ వాట్సాప్‌లోకీ వచ్చే ఉంటుంది, కింద రెండు నమస్కారాలతో.

గుణకారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదటి వాక్యమే తప్పు.

ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినన్నాళ్లూ వాయువుల పాఠం మొదలుపెట్టే రోజున ఈ లెక్కే బోర్డు మీద రాసేవాణ్ని. "మరి అసలు ఎంత పీలుస్తాం?" అంటే తలా ఒక జవాబు చెప్పేవారు. ఒకడు 11 వేల లీటర్లంటాడు, ఇంకొకడు రెండు వేల చిల్లర అంటాడు, ఎక్కడో చదువుకొచ్చిన అమ్మాయి 360 అంటుంది. తమాషా ఏమిటంటే ముగ్గురూ అబద్ధం చెప్పడం లేదు. మూడు వేరువేరు వాటిని కొలిచి, మూడింటికీ ఆక్సిజన్ అని పేరు పెట్టారంతే. ఆ ముడి విప్పితే మిగతాదంతా పదో తరగతి గుణకారాలే.

ముందు సిలిండరు సంగతి. ఆసుపత్రి వరండాల్లో గొలుసు వేసి నిలబెట్టే పెద్ద సిలిండరును డి టైప్ అంటారు, వాడుకలో జంబో. దాని లోపలి చోటు 46.7 లీటర్లు. నీళ్లు పోస్తే రెండు వాటర్ క్యాన్లు, ఇంకో చిన్న బిందె పడతాయి, అంతే. ఆక్సిజన్‌ను మాత్రం మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 150 రెట్లు ఒత్తి నింపుతారు. వేడి మారనంత వరకు పీడనం ఎన్ని రెట్లు పెరిగితే వాయువు అన్ని రెట్లు ఇరుకులో సర్దుకుంటుందని రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పాడు. కనుక మూత తీసి వదిలితే అది 46.7 × 150, అంటే సుమారు 7,000 లీటర్లు అవుతుంది. చిన్నదైన బి టైపులో చోటు 10 లీటర్లు, వాయువు 1,500 లీటర్లు. గోడ మీది మూడు సిలిండర్లు పెద్దవైతే 21,000 లీటర్లు, చిన్నవైతే 4,500. రెండింటినీ గుర్తుంచుకోండి.

గాలి ఎంత, అందులో ఆక్సిజన్ ఎంత

కదలకుండా కూర్చున్న పెద్దమనిషి నిమిషానికి 12 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తాడు. ఒక్కోసారి అర లీటరు. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉన్న ఉదరవితానం కిందికి దిగుతుంది, ఛాతీలో చోటు పెరుగుతుంది, లోపలి పీడనం బయటికన్నా రవ్వంత తగ్గుతుంది, గాలి లోపలికి వస్తుంది. ఇక్కడ పని చేసేదీ బాయిల్ నియమమే, సిలిండరులో అయితే 150 రెట్లు, ఛాతీలో వెయ్యిలో ఒకటి రెండు వంతులు. అంత చిన్న తేడాతో పుట్టినప్పటి నుంచి పోయేదాకా నడిచే పంపు ఇది.

ఈ అర లీటరును ఇంట్లోనే కొలవొచ్చు. ఐదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్‌కు అర లీటరుకొక గీత గీసి, నిండా నీళ్లు పోసి, నీళ్ల తొట్టిలో బోర్లించి, కింది నుంచి గొట్టం దూర్చి ఊదితే గాలి పైకెక్కి నీళ్లను తోసేస్తుంది. మా పిల్లలతో ఎన్నోసార్లు చేయించాను. ఒకటే ఇబ్బంది, కొలుస్తున్నారని తెలిస్తే ఎవరూ మామూలుగా ఊదరు. అబ్బాయిలైతే పక్కవాడి గీత దాటేదాకా ఊది కళ్లు తిరిగి కూర్చుంటారు. కబుర్లలో పెట్టి కొలిస్తే అర లీటరు దగ్గరికి వస్తుంది.

నిమిషానికి 15 సార్లు అనుకుంటే 7.5 లీటర్లు. రోజుకు 1,440 నిమిషాలు గనుక 10,800 లీటర్లు. ఆ 11 వేలన్న కుర్రవాడి సంఖ్య ఇదే. కానీ ఇది గాలి. గాలిలో 78 శాతం నత్రజని, 20.95 శాతం ఆక్సిజన్, ఒక శాతం కన్నా కాస్త తక్కువ ఆర్గాన్, 0.04 శాతం కార్బన్ డయాక్సైడ్. 10,800లో 20.95 శాతమంటే 2,260 లీటర్ల చిల్లర. రెండో కుర్రవాడు ఇక్కడ ఆగాడు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఎందుకంటే చిన్నప్పుడు బడిలో విన్న ఒక వాక్యం అడ్డం పడుతుంది. ఆక్సిజన్ పీలుస్తాం, కార్బన్ డయాక్సైడ్ వదులుతాం. నిజానికి పీల్చేదీ గాలే, వదిలేదీ గాలే. మనం వదిలిన ఊపిరిలో ఇంకా 17 శాతం దాకా ఆక్సిజన్ ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ మూడు నాలుగు శాతమే. నీళ్లలో మునిగి స్పృహ తప్పినవాడి నోట్లో నోరు పెట్టి ఊదితే వాడు బతికే అవకాశం ఉండేది అందుకే. మనం ఆక్సిజనంతా వాడేసిన గాలి అయితే ఊది ఏం లాభం?

కాబట్టి ఒళ్లు ఉంచుకునేది వచ్చినదానికీ పోయినదానికీ మధ్య తేడా మాత్రమే. ఇక్కడి నుంచి లెక్క రుచిగా మారుతుంది.

లీటరు ఎప్పుడూ ఒకే లీటరు కాదు

తేడా తీయడమే కదా. 20.95లో నుంచి 17.1 తీసేస్తే 3.85 శాతం. 7.5 లీటర్లలో అంత భాగం, నిమిషానికి 289 మిల్లీలీటర్లు. అయిపోయింది అనుకుంటాం. అవలేదు.

వాయువుకు కొలత చెప్పేటప్పుడు లీటర్లు ఒక్కటే చెబితే సగం మాట చెప్పినట్టే. బియ్యం సేరు కాదు ఇది. వేడెక్కితే ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, తడి చేరితే అందులో కొంత చోటు నీటి ఆవిరికి పోతుంది. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి 37 డిగ్రీల వేడిగా, తేమతో పూర్తిగా తడిసి ఉంటుంది. చలికాలం పొద్దున నోటి ముందు పొగలా కనబడేది ఆ తేమే. 37 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 47 మిల్లీమీటర్ల పాదరసం. సముద్ర మట్టంలో మొత్తం గాలి పీడనం 760 మిల్లీమీటర్లు. అంటే మనం 7.5 లీటర్లుగా కొలిచిన దాంట్లో 760కి 47 వంతు ఉత్త ఆవిరి.

అందుకే ఎవరు ఎక్కడ కొలిచినా పోల్చుకోవడానికి వీలుగా అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు: కొలిచిన వాయువును పొడిగా, సున్నా డిగ్రీల్లో, 760 మిల్లీమీటర్ల పీడనంలో ఉంటే ఎంతయ్యేదో అంతగా మార్చి చెప్పాలి. మార్చడానికి ఇంటర్ మొదటి ఏడాది వాయు సమీకరణం చాలు. పీడనాన్ని ఘనపరిమాణంతో గుణించి కెల్విన్ ఉష్ణోగ్రతతో, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపితే వచ్చేదానితో, భాగిస్తే వచ్చేది మారదు, అందులో ఉన్న వాయువు మారనంత వరకు. ఆవిరిని తీసేసేందుకు, 760లోంచి 47 పోగా మిగిలిన 713ని 760తో భాగిస్తే 0.938. చల్లార్చేందుకు 273ని 310తో భాగిస్తే 0.881. రెండూ గుణిస్తే 0.826. మన 7.5 లీటర్లు కాస్తా 6.2 లీటర్లయ్యాయి. ఆరో వంతుకు పైగా గాల్లో కలిసిపోయింది!

ఇప్పుడు 6.2లో 3.85 శాతం తీస్తే 239 మిల్లీలీటర్లు. ఇందాకటి 289కీ దీనికీ ఎంత తేడా చూడండి. ఊపిరి అదే, మనిషి అదే.

ఇంకో చిన్న మెలిక మిగిలింది, లెక్కలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మనం కొలిచింది వదిలిన గాలిని. పీల్చినదీ అంతే ఉంటుందని చెప్పకుండానే ఒప్పేసుకున్నాం. ఉండదు. ఒళ్లు 250 పాళ్ల ఆక్సిజన్ తీసుకుంటే 200 పాళ్ల కార్బన్ డయాక్సైడే తిరిగి ఇస్తుంది. మిగతాది నీరుగా మారి వేరే దారిన పోతుంది. అంటే పీల్చిన గాలి వదిలినదాని కన్నా కాస్త ఎక్కువ. ఎంత ఎక్కువో కనిపెట్టడానికి ఒక సాక్షి కావాలి, లోపలికి వెళ్లి ఏమీ ముట్టుకోకుండా బయటికొచ్చేసినవాడు. నత్రజని సరిగ్గా అలాంటిదే. పీల్చిన పొడి గాలిలో నత్రజని, దానితోపాటు ఆర్గాన్, కలిపి 79 శాతం. వదిలిన దాంట్లో 17.1 ఆక్సిజన్‌నూ 3.2 కార్బన్ డయాక్సైడ్‌నూ తీసేస్తే 79.7 శాతం. నత్రజని పెరగలేదు, చుట్టూ ఉన్నది తగ్గింది. కాబట్టి పీల్చింది 6.2 × 79.7 ÷ 79.0, అంటే 6.255 లీటర్లు. దాంట్లో ఆక్సిజన్ 1,310 మిల్లీలీటర్లు. వదిలిన 6.2లో 1,060. తేడా 250.

నిమిషానికి 250 మిల్లీలీటర్లు. విశ్రాంతిగా ఉన్న మనిషికి వైద్య పుస్తకాలన్నీ ఇచ్చే సంఖ్య ఇదే. రోజుకు 360 లీటర్లు. ఆ అమ్మాయి చెప్పింది దీన్నే.

నత్రజనిని సాక్షిగా నిలబెట్టే ఈ సవరణకు జాన్ స్కాట్ హాల్డేన్ పేరుంది. గనుల్లో గాలి మీద, ఊపిరి మీద జీవితమంతా పని చేసిన స్కాట్లండ్ శాస్త్రవేత్త. కొడుకును చిన్నప్పుడే వెంట తీసుకెళ్లేవాడు. ఒకసారి గనిలో పైకప్పు దగ్గర మీథేన్ పేరుకున్న చోట కొడుకును నిలబెట్టి నాటకంలోని ఒక ప్రసంగం అప్పజెప్పమన్నాడట. కాసేపటికి పిల్లవాడికి ఊపిరందక కాళ్లు తేలిపోయి కింద పడ్డాడు. పడ్డాక తేరుకున్నాడు, ఎందుకంటే మీథేన్ గాలికన్నా తేలిక, కింద మంచి గాలే ఉంది. మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక నిర్ణీత సంఖ్యలో అణువుల బరువు, మీథేన్‌కు 16, గాలికి 29; ఆ తేడా ఏమిటో ఆ కుర్రవాడు ఇక మరిచిపోయి ఉండడు. ఆయనే పెద్దయ్యాక జన్యుశాస్త్రంలో పేరు మోసిన జె.బి.ఎస్. హాల్డేన్. 1957లో ఇండియాకు వచ్చేశాడు, ఇక్కడి పౌరుడయ్యాడు, 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని చదువుకునే పిల్లలకు ఇవ్వమని రాసిపెట్టింది ఎక్కడికో తెలుసా? కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి.

లీటర్ల నుంచి గ్రాములకు

పొడి గాలి, సున్నా డిగ్రీలు అని అంత పట్టుబట్టడం వల్ల ఒక లాభం ఉంది. ఆ స్థితిలో ఏ వాయువైనా ఒక మోల్, అంటే ఇందాకటి నిర్ణీత సంఖ్య అణువులు, 22.4 లీటర్ల చోటు తీసుకుంటుంది. సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయన్న అవొగాడ్రో మాట, 1811 నాటిది. 360ని 22.4తో భాగిస్తే 16 మోళ్ల పైచిలుకు. ఆక్సిజన్ మోలు 32 గ్రాములు కనుక రోజుకు 514 గ్రాములు. అర కిలో. ఏమీ చేయకుండా కూర్చున్న మనిషి రోజూ అర కిలో ఆక్సిజన్‌ను తింటున్నాడన్నమాట. పని చేసేవారికి ఇంకా ఎక్కువ, వ్యోమగాములకు నాసా రోజుకు 0.84 కిలో చొప్పున లెక్క వేస్తుంది.

బయటికి పోయేదీ తూచవచ్చు. నిమిషానికి 200 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్, రోజుకు 288 లీటర్లు, దాదాపు 12.9 మోళ్లు, మోలు 44 గ్రాముల చొప్పున 566 గ్రాములు. అందులో కార్బన్ ఒక్కటే 154 గ్రాములు. సన్నబడ్డవాళ్ల కొవ్వు ఎక్కడికి పోయిందని అడిగితే చెమటగానో వేడిగానో పోయిందంటారు. ఎక్కువ భాగం పోయేది ముక్కులోంచి.

లెక్క సరిగా వచ్చిందో లేదో ఇంకో దారిలో సరిచూసుకోవచ్చు. ఒక గ్లూకోజ్ అణువు కాలడానికి ఆరు ఆక్సిజన్ అణువులు కావాలి, ఆరు కార్బన్ డయాక్సైడ్, ఆరు నీటి అణువులు వస్తాయి. అలా కాలితే లీటరు ఆక్సిజన్‌కు 5 కిలోకాలరీలు, కొవ్వు కాలితే 4.7. కలిపి తినేవాళ్లం కాబట్టి 4.8 వేసుకుందాం. 360ని 4.8తో గుణిస్తే 1,728 కిలోకాలరీలు. రోజంతా ఊరికే పడుకున్నా ఎంత ఖర్చవుతుందని డైటీషియన్‌ను అడిగితే చెప్పే సంఖ్య ఈ చుట్టుపక్కలే ఉంటుంది. ఊపిరి కొలిచి మొదలుపెట్టి అన్నం పళ్లెం దగ్గర తేలాం. ఇంకోలా చెప్పాలంటే 84 వాట్లు, ఇంట్లో తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్ కన్నా కాస్త ఎక్కువ.

ఊపిరికీ మంటకూ ఉన్న ఈ పోలికను మొదట పట్టుకున్నవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజియే. 1780ల్లో లాప్లాస్ అనే గణిత శాస్త్రవేత్తతో కలిసి ఒక గినీపిగ్‌ను మంచు పేర్చిన పాత్రలో ఉంచి, అది ఊపిరి వదులుతున్నంతసేపట్లో ఎంత మంచు కరిగిందో తూచాడు. అంతే కార్బన్ డయాక్సైడ్ వచ్చేలా బొగ్గును కాల్చి ఎంత కరిగిందో పోల్చాడు. రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఊపిరంటే మంట కనబడని దహనమేనని తేలింది. తర్వాత సెగ్విన్ అనే సహచరుణ్ని కూర్చోబెట్టి, తిన్నప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఆక్సిజన్ వాడకం పెరుగుతుందని చూపాడు. 1794లో ఆయన తల నరికారు, శాస్త్రం చేసినందుకు కాదు, పన్నుల వసూళ్లలో భాగస్వామి అయినందుకు.

అరకొర ఊపిరి, నిండు ఊపిరి

ఇప్పటిదాకా ముక్కు దగ్గర నిలబడి లెక్క వేశాం. లోపలికి పోదాం. పీల్చిన 500లో 150 మిల్లీలీటర్లు ముక్కులో, గొంతులో, శ్వాసనాళంలో నిలిచిపోతాయి. అక్కడ రక్తానికి ఆక్సిజన్ అందదు. ఊపిరితిత్తుల చివర ఉండే చిన్న చిన్న గాలి తిత్తులైన వాయుగోణుల దాకా చేరేది 350 మాత్రమే. 15 సార్లకు 5.25 లీటర్లు.

భయపడ్డవాడు ఆదరాబాదరాగా పీలుస్తాడు. నిమిషానికి 30 సార్లు, ఒక్కోసారి 250 మిల్లీలీటర్లు. మొత్తం అదే 7.5 లీటర్లు. కానీ ప్రతిసారీ 150 దారిలోనే ఆగుతుంది కాబట్టి లోపలికి చేరేది 100 × 30, మూడు లీటర్లే. అదే నిమిషానికి ఆరుసార్లు నిదానంగా 1,250 చొప్పున పీలిస్తే 1,100 × 6, అంటే 6.6 లీటర్లు. ముక్కు దగ్గర మీటరు పెడితే ముగ్గురూ ఒకటే, వాయుగోణుల దగ్గర చూస్తే ఒకరికి ఇంకొకరు రెండింతలు.

ఇది వినగానే "అందుకే సార్, ప్రాణాయామం చేస్తే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుంది" అని ఎవరో ఒకరు అంటారు. మనసు కుదుటపడుతుంది, ఊపిరి కండరాలకు శ్రమ తగ్గుతుంది, ఒప్పుకుంటాను. రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. ఎందుకంటే రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఆరోగ్యంగా ఉన్నవాడిలో ముందే 97, 98 శాతం నిండి ఉంటుంది. నిండిన బిందెలో ఎంత మెల్లగా పోసినా ఏముంది?

హిమోగ్లోబిన్ లేకపోతే ఏమయ్యేదో హెన్రీ నియమం చెబుతుంది. ద్రవంలో కరిగే వాయువు దాని పీడనాన్ని బట్టి ఉంటుంది. రక్తం కేవలం కరిగించుకుని మోయాల్సి వస్తే డెసిలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు, 0.3 మిల్లీలీటర్ల ఆక్సిజనే పడుతుంది. హిమోగ్లోబిన్ గ్రాముకు 1.34 మిల్లీలీటర్లు పట్టుకుంటుంది. డెసిలీటరుకు 15 గ్రాములుంటే 20 మిల్లీలీటర్లు. గుండె నిమిషానికి ఐదు లీటర్ల రక్తం తోస్తుంది కాబట్టి 1,000 మిల్లీలీటర్ల ఆక్సిజన్ బయలుదేరుతుంది, ఒళ్లు 250 దింపుకుంటుంది, మిగతాది తిరిగొస్తుంది. ఇప్పుడు హిమోగ్లోబిన్ 8 మాత్రమే ఉన్న ఒక బాలింతను ఊహించండి. వేలికి ఆక్సీమీటరు పెడితే 98 చూపిస్తుంది, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకుంటారు. కానీ బయలుదేరే ఆక్సిజన్ సగానికి కాస్త పైన మాత్రమే. ఆ యంత్రం ఎన్ని సీట్లు నిండాయో చెబుతుంది, బస్సులు ఎన్ని ఉన్నాయో చెప్పదు.

కొండ ఎక్కితే తగ్గేది శాతం కాదు

కొండల మీద గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువ అని టీవీల్లో కూడా అంటుంటారు. కాకినాడ తీరంలోనూ ఎవరెస్టు కొన మీదా శాతం ఒకటే, 20.95. మారేది మొత్తం పీడనం. మిశ్రమంలో ప్రతి వాయువూ తన వంతు పీడనమే చూపుతుందని డాల్టన్ చెప్పాడు, దాన్నే పాక్షిక పీడనం అంటాం. ఊపిరితిత్తుల్లోకి దిగేటప్పటికి గాలి తడిసిపోతుంది కాబట్టి మొత్తంలోంచి ఆ 47 తీసేసి 0.21తో గుణించాలి. కాకినాడలో 713 × 0.21, దాదాపు 150 మిల్లీమీటర్లు. 500 మీటర్ల పైన ఉన్న హైదరాబాదులో మొత్తం పీడనం 715 అటూ ఇటూ, కాబట్టి 140. ఎవరికీ తెలియని తేడా. మూడున్నర వేల మీటర్ల ఎత్తున్న లేహ్‌లో 495 అనుకుంటే 94. విమానం దిగిన రోజున మెట్లెక్కితే ఆయాసం వచ్చేది అందుకే.

వాయుగోణుల్లోకి వెళ్లాక ఇంకొంత తగ్గుతుంది. రక్తంలోంచి వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అక్కడ చోటు అడుగుతుంది. దాని పీడనం మామూలుగా 40. దాన్ని 0.8తో భాగించి, అంటే 50, లోపలికొచ్చిన ఆక్సిజన్ పీడనంలోంచి తీసేయాలి. ఆ 0.8 ఇందాక మనం చూసిన 200, 250ల నిష్పత్తే. కాకినాడలో 100 మిగులుతుంది, లేహ్‌లో 44. 44 అంటే కష్టం. అయితే ఒళ్లు ఊరుకోదు, గబగబా పీల్చి కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేస్తుంది. అది 40 నుంచి 30కి దిగితే తీసేయాల్సింది 37.5 మాత్రమే, ఆక్సిజన్ 56కి లేస్తుంది. కొండ మీద రొప్పడం జబ్బు కాదు, ఒంటి లెక్క.

ఎవరెస్టు కొన మీద పీడనం 253 మిల్లీమీటర్లని 1981లో ఒక వైద్య యాత్ర కొలిచింది. 47 తీసేసి 0.21తో గుణిస్తే 43. మామూలు 50 తీస్తే సున్నా కన్నా కిందికి పోతుంది! అంటే కిందిలాగే ఊపిరి తీసేవాడు అక్కడ బతకడు. ఆ రోజు కొన మీద ఊపిరి నమూనా పట్టుకొచ్చిన మనిషిలో కార్బన్ డయాక్సైడ్ 7.5కి దిగిపోయింది. 7.5ని 0.8తో భాగించి 43లోంచి తీస్తే 34 వస్తుంది, నమూనాలో తేలిందీ దాదాపు అంతే. మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగు నిండకుండానే, ఖమ్మం కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి నిలబడింది ఆ కొన మీదే.

మరి ఆసుపత్రిలో నిమిషానికి ఐదు లీటర్లు ఎందుకు?

2021 వేసవిలో చాలా ఇళ్లలో వినబడిన ప్రశ్న ఇది. ఒంటికి కావలసింది నిమిషానికి పావు లీటరు. జ్వరంలో సెల్సియస్ డిగ్రీకి పదో వంతు చొప్పున పెరిగినా, రెండు డిగ్రీల జ్వరానికి 300 మిల్లీలీటర్లే. మరి ఐదు లీటర్లు పెట్టమంటారెందుకు?

ముక్కుకు పెట్టిన గొట్టంలోంచి ఆక్సిజన్ ఆగకుండా వస్తుంది, మనం మాత్రం ఆగి ఆగి పీలుస్తాం. 500 మిల్లీలీటర్లు లోపలికి పోయేది సుమారు 1.3 సెకన్లలో. ఐదు లీటర్ల ధార అంతసేపట్లో ఇచ్చేది 108 మిల్లీలీటర్లే. మిగతా 392 గదిలోని గాలి. అందులో ఆక్సిజన్ 82. కలిపితే 190, అంటే పీల్చినదాంట్లో 38 శాతం. ఐదు లీటర్లు పెడితే 40 శాతం అని నర్సులు నోటికి చెప్పే లెక్క ఇదే. ఊపిరి వదిలేటప్పుడు వచ్చిన ఆక్సిజన్ చాలావరకు గదిలోకి పోతుంది.

ఆ 38 శాతంతో ఏం ఒరుగుతుందంటే, 713 × 0.38, దాదాపు 271 మిల్లీమీటర్లు. ముందు 150 ఉండేది. న్యుమోనియాతో వాయుగోణుల గోడలు ఉబ్బి దళసరి అయినప్పుడు, ఆ గోడ దాటించడానికి ఎక్కువ ఒత్తిడితో తోయాలి. కావలసింది ఎక్కువ లీటర్ల ఆక్సిజన్ కాదు, ఆక్సిజన్‌కు ఎక్కువ పీడనం. దానికోసం వృథాను భరిస్తాం. బి టైప్ సిలిండరు 1,500 లీటర్లను నిమిషానికి ఐదు చొప్పున వాడితే ఐదు గంటలు వస్తుంది. ఆ ఐదు గంటల్లో ఒంటికి పట్టేది 75 లీటర్లు.

ఇక గోడ మీది లెక్కకు వద్దాం. మూడు సిలిండర్లంటే చిన్నవైనా 4,500 లీటర్లు, పెద్దవైతే 21,000; ఒంటికి పట్టేది 360. పెద్ద సిలిండరు 7,000 లీటర్లు, వాళ్ల ధర ప్రకారమే 700 రూపాయలు, లీటరు పది పైసలు. రోజుకు 360 లీటర్లంటే 36 రూపాయలు. సిలిండరు 19 రోజులొస్తుంది. ఏడాదికి 13,140. 65 ఏళ్లకు 8,54,100. కాగితం మీద వేసి హెడ్మాస్టరుగారికి చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"నిజమే మాస్టారూ. కానీ రోజుకు 36 రూపాయలని రాస్తే ఎవడు నాటుతాడు చెట్టు?"

గోడ అలాగే ఉంది.